దశపాదులు: వరిగట్టు ఎండ్రకాయ నుండి చెరువు రొయ్య వరకు – శరీర నిర్మాణం, వర్గీకరణ

సస్యశాస్త్రం బోధించేవాడు రొయ్య కాళ్లు లెక్కపెట్టడం ఎందుకని పాఠకులకు అనిపించవచ్చు. కృష్ణా, గోదావరి డెల్టాలలో పనిచేసిన విస్తరణ శాస్త్రవేత్తలకు మాత్రం ఈ సందేహం కలగదు. అక్కడ వరి చేను, రొయ్యల చెరువు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మురుగునీరు దిగే కాలువే చాలాచోట్ల మరొకదానికి నీరు తోడుకొనే కాలువ అవుతుంది. వరిగట్టులో ఎండ్రకాయ, కాలువలో మంచినీటి రొయ్య, చెరువులో వనామీ రొయ్య ఒకే ఊరి పొలిమేరలో బతుకుతుంటాయి. మొదటిది వరికి చీడ, రెండవది వల వేసుకున్నవాడికి కూర, మూడవది అప్పు తెచ్చి పెట్టిన పెట్టుబడి. జంతుశాస్త్రరీత్యా ఈ మూడూ ఒకే క్రమానికి చెందినవి. ఆ క్రమం పేరు డెకాపొడా, తెలుగులో దశపాదులు.

కొన్నేళ్ల కిందట డెల్టాలోని ఒక గ్రామంలో రైతు శిక్షణ జరుగుతుండగా, వరి సుడిదోమ మందుల గురించి చెబుతూ పక్కన రొయ్యల చెరువులుంటే జాగ్రత్త వహించాలన్నాను. ఒక పెద్దాయన లేచి, “పురుగుమందు పురుగు కోసం కదండీ, రొయ్య పురుగు కాదు కదా?” అని అడిగారు. నేను డబ్బా మీది హెచ్చరికను చదివి వినిపించి ఊరుకున్నాను. అది సమాధానం కాదని నాకు అప్పుడే తెలుసు. ఆయన అడిగిన దానికి సమాధానం రొయ్య శరీర నిర్మాణంలోనే ఉంది. ఆ నిర్మాణాన్ని, దానిపై ఆధారపడిన వర్గీకరణను, విస్తరణ రంగంలో ఆ రెండింటి ప్రయోజనాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆర్థ్రోపొడా వర్గంలో క్రస్టేషియా ఉపవర్గం, అందులో మలకోస్ట్రాకా విభాగం, ఆ విభాగంలో డెకాపొడా క్రమం – ఇది వీటి స్థానం. ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త లాట్రెయ్ 1802లో ఈ క్రమానికి పేరు పెట్టాడు. ప్రస్తుతం జీవించి ఉన్న జాతులు సుమారు 15 వేలు. వాటిలో దాదాపు సగం పీతలే. సముద్రంలో రొయ్యలను పోలి తిరిగే క్రిల్ అనే జీవులు వీటికి దగ్గరి బంధువులే గాని, క్రిల్ మొప్పలను కవచం కప్పదు, అవి బయటికే కనిపిస్తాయి. దాని వక్షపు కాళ్లలో ఏవీ నోటి పనికి మారలేదు. దశపాదులలో మొప్పలు కవచం కింద దాగి ఉంటాయి, వక్షపు తొలి మూడు జతల కాళ్లు నోటికి సహాయకాలుగా మారాయి.

పది కాళ్ల లెక్క

ప్రయోగశాలలో విద్యార్థి చేతికి రొయ్యనిచ్చి కాళ్లు లెక్కించమంటే మొదటిసారే పది అని చెప్పేవారు అరుదు. ఇరవై అంటారు, ముప్ఫై అంటారు. తప్పు వారిది కాదు. దశపాద శరీరంలో తలకు 5, వక్షానికి 8, ఉదరానికి 6, మొత్తం 19 ఖండితాలున్నాయి. చివర టెల్సన్ అనే మొన ఉంటుంది. దానికి ఉపాంగాలు లేవు. మిగిలిన ప్రతి ఖండితానికి ఒక జత చొప్పున 19 జతల ఉపాంగాలు ఉండాలి. రొయ్యలో ఇవన్నీ ఉన్నాయి. ఒక పీఠం, దాని నుండి చీలిన రెండు శాఖలు – ఇది వీటన్నిటికీ మూల నమూనా. మీసమైనా, దవడైనా, డెక్కైనా, ఈతకాలైనా ఈ ఒక్క అచ్చులోంచి వచ్చినదే. పని మారినకొద్దీ ఒక శాఖ పెరిగింది, మరొకటి కుంచించుకుపోయింది లేదా పూర్తిగా పోయింది.

ముందు నుండి వెనుకకు చూద్దాం. తలపై మొదటి జత చిన్న స్పర్శశృంగాలు. వీటి మొదట్లో శరీర సమతౌల్యాన్ని తెలిపే చిన్న తిత్తి ఉంటుంది. రెండవ జత పొడవైన మీసాలు. మూడవది హనువులు, అంటే దవడలు. నాలుగు, ఐదు జతలు జంభికలు. ఐదవ జతకు తెడ్డు ఆకారంలో పలుచని పలక ఒకటి ఉంది. చూపుకు అల్పంగా కనిపించే ఆ పలకే క్షణం ఆగకుండా ఊగుతూ మొప్పల గదిలోని నీటిని ముందుకు తోడిపోస్తుంది. అది ఆగితే రొయ్యకు ఊపిరి ఆగినట్లే.

తరువాతి మూడు జతలు జంభికాపాదాలు. ఇవి వక్షానికి చెందినవైనా చేసేది నోటి పని. మేతను పట్టి, తిప్పి, దవడలకు అందిస్తాయి. వీటిని వదిలేసి, వెనుకనున్న ఐదు జతల చలనపాదాలను మాత్రమే లెక్కిస్తే పది వస్తుంది. పీత డెక్కలు కూడా ఈ పదిలోనివే, మొదటి జత. ఉదరం కింద ఐదు జతల ఈతకాళ్లు, ఆరవ జత వెడల్పాటి పుచ్ఛపాదాలు. టెల్సన్‌తో కలిసి ఈ చివరి జత విసనకర్రలా విచ్చుకుంటుంది. బెదిరిన రొయ్య ఉదరాన్ని ఒక్కసారిగా ముడిచి వెనక్కి ఎగిరేది ఈ విసనకర్ర బలంతోనే. మనం తినే కండ అంతా ఈ ముడిచే కండరమే.

తల, వక్షం కలిసిపోయి శిరోవక్షం ఏర్పడింది. బజారులో ‘రొయ్య తల’ అని తీసిపారేసేది నిజానికి తల ఒక్కటే కాదు. గుండె, జీర్ణాశయం, మొప్పలు, బీజకోశాలలో కొంత భాగం అందులోనే పోతాయి. శిరోవక్షాన్ని కప్పిన కవచం ముందుకు సాగి రంపపు పళ్లున్న ముక్కుగా ఏర్పడుతుంది. ఈ పళ్ల లెక్క జాతిని గుర్తించడానికి ఉపకరిస్తుంది. టైగర్ రొయ్యలో సాధారణంగా పైన 7 లేక 8, కింద 3 ఉంటాయి. నీలకంఠ రొయ్య అని మనం పిలిచే మంచినీటి స్కాంపిలో ముక్కు చాలా పొడవు, కొన పైకి వంపు తిరిగి ఉంటుంది, పైభాగాన పళ్లు పదికి మించుతాయి.

పీతలో ఈ నమూనా అంతా నొక్కి అడ్డంగా సాగదీసినట్లు ఉంటుంది. కవచం వెడల్పైంది, ముక్కు లేదు. ఉదరం పలుచని మూతగా మారి పొట్ట కిందికి మడుచుకుంది. పుచ్ఛపాదాలు లేవు కాబట్టి తోక విసనకర్ర లేదు, వెనక్కి ఎగరడమూ లేదు. ఈ మూత ఇరుకుగా, కోణంగా ఉంటే మగది. వెడల్పుగా, గుండ్రంగా ఉంటే ఆడది. పొలం గట్టు మీద నిలబడి, ఏ పరికరమూ లేకుండా చేయగల లింగ నిర్ధారణ ఇది. దీని ఉపయోగం తరువాత చెబుతాను.

కవచం లోపల

కవచపు పక్క అంచుల కింద ఇరువైపులా మొప్పల గదులున్నాయి. నీరు కాళ్ల మొదళ్ల దగ్గరి సందుల నుండి లోపలికి చేరి, మొప్పల మీదుగా ప్రవహించి, నోటి పక్క నుండి బయటికి పోతుంది. మంచినీటి ఎండ్రకాయ ఈ గదిలో కొంత నీటిని నిలుపుకొని, గాలి నుండి కూడా ప్రాణవాయువును గ్రహించగలదు. అందువల్ల మడిలో నీరు తీసేసినంత మాత్రాన అది చావదు. తడి ఉన్న బొరియలోకి దిగి కాచుకొంటుంది.

జీర్ణాశయం లోపలి గోడకు గట్టి పళ్లు, పలకలు ఉన్నాయి. దవడలు కొరికిన మేతను ఇవి మళ్లీ నూరుతాయి. పక్కనే కాలేయక్లోమం. జీర్ణరసాల స్రావం, పోషకాల శోషణ, కొవ్వు నిల్వ మూడూ దీని పనులే. వనామీ చెరువులలో ఎదుగుదలను కుంగదీసే ఈహెచ్‌పీ అనే సూక్ష్మపరాన్నజీవి చేరేది ఈ అవయవంలోకే. రొయ్యను పట్టి చూసే రైతు ముందుగా దీని రంగు, పరిమాణం చూడడం శాస్త్రసమ్మతమైన అలవాటు. పేగు ఉదరం పైభాగాన, వీపు వెంట సాగుతుంది. వంటింట్లో రొయ్య వీపు గీరి తీసే నల్లటి దారం అదే. నాడీదండం ఇందుకు విరుద్ధంగా పొట్టవైపు ఉంటుంది. వీపున పేగు, పొట్టన నాడి – మన శరీరానికి ఇది తలకిందుల ఏర్పాటు, మిడతకూ బొద్దింకకూ మాత్రం ఇదే ఏర్పాటు.

గుండె వీపువైపు కవచం కింద ఉంటుంది. రక్తనాళాలు కొంతదూరం పోయి ఆగిపోతాయి, రక్తం అవయవాల మధ్య ఖాళీలలోకి పారుతుంది. ప్రాణవాయువును మోసేది ఇనుము ఉన్న హీమోగ్లోబిన్ కాదు, రాగి ఉన్న హీమోసయనిన్. అందుకే రొయ్యను కోస్తే ఎర్రని నెత్తురు కనిపించదు. విసర్జన అవయవాలైన హరిత గ్రంథులు రెండవ జత మీసాల మొదట్లో ఉన్నాయి. జననరంధ్రాలు ఆడదానిలో మూడవ జత చలనపాదాల మొదట్లో, మగదానిలో ఐదవ జత దగ్గర ఉంటాయి. క్రమం మొత్తానికీ ఈ స్థానాలు వర్తిస్తాయి.

గుల్ల విడిచే శరీరం

దశపాదుల కవచం కైటిన్, మాంసకృత్తులతో అల్లి, కాల్షియం కార్బొనేటుతో గట్టిపరచిన పొర. అది సాగదు. లోపలి శరీరం పెరగాలంటే దాన్ని విడిచి కొత్తది వేసుకోక తప్పదు. పాత కవచం కింద మెత్తని కొత్త కవచం ముందే సిద్ధమవుతుంది. పాతది విడిపోగానే జీవి నీరు పీల్చుకొని ఉబ్బుతుంది, ఆ కొలతకే కొత్త కవచం గట్టిపడుతుంది. రొయ్య పెరుగుదల మొక్క పెరుగుదలలా రోజూ కొలవదగిన వాలు కాదు, మెట్లు. ఒక మెట్టుకూ మరో మెట్టుకూ మధ్య పొడవు పెరగదు.

మెత్తని గుల్లతో ఉన్న ఆ కొద్ది గంటలు జీవికి గండం. పారిపోలేదు, కొరకలేదు, తోటి రొయ్యలే దాన్ని తినవచ్చు. ఉప్పు తక్కువగా ఉన్న నీటిలో కాల్షియం, మెగ్నీషియం చాలకపోతే గట్టిపడటం ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజులలో గుల్ల విడవడం ఎక్కువని నమ్మే మన రొయ్య రైతులు ఆ రోజులకు ముందే ఖనిజలవణాలు చల్లుతారు.

ఈ ప్రక్రియను నడిపేది రెండు గ్రంథుల పెనుగులాట. కంటికాడలోని గ్రంథి నిర్మోచనాన్ని ఆపే హార్మోనును స్రవిస్తుంది. శిరోవక్షంలోని వై అంగం నిర్మోచనాన్ని జరిపించే ఎక్డైసోన్ తరహా హార్మోనును ఇస్తుంది. కంటికాడ హార్మోనులలో ఒకటి అండాశయ పరిపక్వతను కూడా అణచి ఉంచుతుంది. హేచరీలలో తల్లిరొయ్య కన్ను ఒకటి తొలగించడం వెనుక ఉన్నది ఈ శరీరధర్మమే.

ఇక్కడ ఒక చరిత్ర చెప్పుకోవాలి. 1954లో జర్మనీలో బ్యూటెనాంట్, కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్తలు 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుండి 25 మిల్లీగ్రాముల ఎక్డైసోన్‌ను స్ఫటికరూపంలో వేరుచేశారు. 1966లో ఆస్ట్రేలియాలో హాంప్‌షైర్, హార్న్ అనేవారు ముళ్ల లాబ్‌స్టర్ నుండి నిర్మోచన హార్మోనును వేరుచేశారు. అది ఎక్డైసోన్‌కు ఒక్క హైడ్రాక్సిల్ సమూహం ఎక్కువైన రూపం. అదే పదార్థం కీటకాలలోనూ ప్రధాన నిర్మోచన హార్మోనని తేలింది. పట్టుపురుగు, లాబ్‌స్టర్ ఒకే రసాయనపు ఆజ్ఞకు గుల్ల విడుస్తున్నాయి. తరువాతి కాలపు జన్యు అధ్యయనాలు మరో అడుగు ముందుకు వేసి, కీటకాలు క్రస్టేషియన్ల వంశవృక్షం లోపలి నుండే చీలిన కొమ్మ అని నిరూపించాయి. ఈ రెండింటినీ కలిపి పాన్‌క్రస్టేషియా అంటున్నారు. ఈ లెక్కన శిక్షణలో లేచిన పెద్దాయనకు నేను ఇవ్వవలసిన జవాబు ఇది: రొయ్య పురుగు కాదు, కాని పురుగు రొయ్య వంశంలోనిదే.

ఈత, పాకుడు పోయి మొప్పలు, గుడ్లు వచ్చాయి

డెన్మార్క్ శాస్త్రవేత్త బోయాస్ 1880లో దశపాదులను ఈదేవి, పాకేవి అని రెండుగా విభజించాడు. రొయ్యలన్నీ మొదటి దానిలో, లాబ్‌స్టర్లు, పీతలు రెండవ దానిలో చేరాయి. చూడగానే అర్థమయ్యే ఈ విభజన చాలాకాలం పాఠ్యపుస్తకాలలో నిలిచింది. కొన్ని పాత తెలుగు నోట్సులలో ఇప్పటికీ కనిపిస్తుంది. దీని లోపం ఏమిటంటే, అది బంధుత్వాన్ని గాక బతుకుతెరువును చూసింది. పక్షి, గబ్బిలం రెండూ ఎగురుతాయని ఒక గూట్లో పెట్టడం వంటిది.

1963లో అమెరికా శాస్త్రవేత్త బర్కెన్‌రోడ్ మొప్పల నిర్మాణాన్ని, గుడ్ల సంరక్షణను ఆధారం చేసుకొని రెండు ఉపక్రమాలను ప్రతిపాదించాడు. నేటి వర్గీకరణకు అదే పునాది. మొదటిది డెండ్రోబ్రాంకియేటా. వీటి మొప్పలు చెట్టుకొమ్మల్లా చీలి, మళ్లీ చీలి ఉంటాయి. ఆడది గుడ్లను నేరుగా నీటిలోకి వదిలేస్తుంది, పిల్ల నాప్లియస్ అనే అతి సరళమైన డింభకంగా వెలువడుతుంది. టైగర్, వనామీ వంటి పీనియస్ రొయ్యలు ఇందులోనివి. మొత్తం జాతులు ఐదు వందల పైచిలుకే అయినా, వ్యాపారపు విలువలో వీటికి సాటి లేదు. రెండవది ప్లియోసయేమేటా. మిగిలిన దశపాదులన్నీ ఇందులో ఉన్నాయి. మొప్పలు ఆకుల దొంతరలా గాని, పోగుల్లా గాని ఉంటాయి. ఆడది గుడ్లను ఈతకాళ్లకు అంటించుకొని పొదిగే వరకు మోస్తుంది. పిల్ల నాప్లియస్ దశను గుడ్డులోనే దాటి, జోయియా దశలో గాని ఆ తరువాతి దశలో గాని బయటికి వస్తుంది.

ఈ విభజనను అంగీకరిస్తే వింతగా తోచే ఒక నిజాన్ని కూడా అంగీకరించాలి. నీలకంఠ రొయ్యకు వనామీ రొయ్య కంటే వరిగట్టు ఎండ్రకాయే దగ్గరి చుట్టం. నీలకంఠ, ఎండ్రకాయ రెండూ గుడ్లు మోసే ఉపక్రమంలోనివి, వనామీ వేరే ఉపక్రమం. ఏటా తరగతిలో ఈ మాట చెప్పినప్పుడు ఒకరిద్దరు విద్యార్థులు ఒప్పుకోరు. రూపాన్ని బట్టి చుట్టరికం తేల్చే అలవాటు అంత తేలికగా పోదు. పోవలసిన అవసరాన్ని గుర్తించడానికే ఈ ఉదాహరణ.

ప్లియోసయేమేటాలోని శాఖలలో మన పాఠకులకు అవసరమైనవి నాలుగైదే. కారిడియా శాఖలో నీలకంఠ వంటి రొయ్యలు సుమారు మూడున్నర వేల జాతులున్నాయి. అస్టాసిడియాలో డెక్కలున్న లాబ్‌స్టర్లు, మంచినీటి క్రేఫిష్‌లు. అకెలేటాలో డెక్కలు లేని ముళ్ల లాబ్‌స్టర్లు. వీటి డింభకం ఆకులా పలుచగా, గాజులా పారదర్శకంగా ఉంటుంది. అనోమ్యూరాలో శంఖంలో దాగే సన్యాసి పీతలు, మన తీరపు ఇసుకలో అలల అంచున గుంతలు తీసే ఎమెరిటా. బ్రాకియూరాలో అసలైన పీతలు, దాదాపు ఏడు వేల జాతులు. తక్కిన శాఖలు చిన్నవి. వాటిలో గ్లైఫియా శాఖ ఎప్పుడో అంతరించిందని శిలాజాలను బట్టి భావించేవారు. 1908లో ఫిలిప్పీన్స్ సముద్రంలో పట్టి సంగ్రహాలయంలో భద్రపరచిన ఒక నమూనాను 1975లో పరిశీలించి, ఆ శాఖ ఇంకా బతికే ఉందని తేల్చారు. భద్రపరచిన నమూనాల విలువ తెలియడానికి విద్యార్థులకు ఈ కథ చెబుతుంటాను.

పేర్ల విషయంలో ఒక గందరగోళాన్ని ప్రస్తావించాలి. బూన్ 1931లో పీనియస్ వనామీ అని పేరు పెట్టిన రొయ్యను 1997 నాటి పునర్విభజనలో లిటోపీనియస్ ప్రజాతిలోకి మార్చారు. తరువాతి జన్యు అధ్యయనాల ఆధారంగా ఆ విభజన నిలవదని పలువురు తిరిగి పీనియస్ పేరే వాడుతున్నారు. రెండు పేర్లతో వచ్చిన వ్యాసాలూ ఒకే జంతువు గురించినవని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

రెండవ పలకను చూడండి

చేపల సంతలో రొయ్యను చేతబట్టి ఏ ఉపక్రమానిదో చెప్పడానికి మొప్పలు విప్పనవసరం లేదు. ఉదరపు పక్క పలకలు చాలు. నీలకంఠ రొయ్యలో రెండవ ఉదర ఖండితపు పలక వెడల్పుగా ఉండి, ముందున్న మొదటి పలకను, వెనుకనున్న మూడవ పలకను రెండింటినీ పైనుండి కప్పుతుంది. వనామీ, టైగర్ రొయ్యలలో రెండవది మూడవదాన్ని మాత్రమే కప్పుతుంది; ఇంటిపెంకుల్లా ముందుది వెనుకదానిపై వరుసగా వాలుతుంది. కాళ్లు కూడా సాక్ష్యమిస్తాయి. పీనియస్ రొయ్యలలో తొలి మూడు జతల చలనపాదాలకు చిన్న డెక్కలుంటాయి. నీలకంఠలో తొలి రెండు జతలకే ఉంటాయి, అందులో రెండవ జత మగదానిలో శరీరాన్ని మించి పొడవుగా, నీలిరంగులో పెరుగుతుంది.

ఈ పలక నుండి జీవితచక్రం దాకా దారి ఉంది. వనామీ చెరువు నీటిలో గుడ్లు పెట్టి సంతతిని నిలపడం జరగదు. తల్లి సముద్రపు నీటిలో గుడ్లు వదలాలి, డింభకాలు నాప్లియస్, ప్రోటోజోయియా, మైసిస్ దశలు దాటాలి. పిల్ల ఎప్పుడూ హేచరీ నుండే రావాలి. మన దేశంలో 2009లో అనుమతి పొందిన వనామీ అమెరికా ఖండపు పసిఫిక్ తీరానికి చెందినది కావడం వల్ల ఇక్కడి సముద్రంలో తల్లిరొయ్యలను పట్టే అవకాశమూ లేదు.

నీలకంఠ సంగతి వేరు. చెరువులోనే ఆడరొయ్య గుడ్లు మోస్తూ కనిపిస్తుంది, నారింజ రంగు గుడ్లు క్రమంగా బూడిదరంగుకు మారి సుమారు మూడు వారాలలో పొదుగుతాయి. అది చూసి వచ్చే పంటకు పిల్ల కొననక్కరలేదని సంబరపడిన రైతులను నేనెరుగుదును. పొదిగిన డింభకానికి ఉప్పుకలిసిన నీరు కావాలి. మంచినీటిలో అది కొద్ది రోజులకు మించి బతకదు. ప్రకృతిలో తల్లి నది దిగువకు, మొగవైపు ప్రయాణించేది ఇందుకే. ఆనకట్టలు ఈ ప్రయాణానికి అడ్డుపడతాయి.

వరిచేల ఎండ్రకాయ ఓజియోటెల్ఫూసా సెనెక్స్ సెనెక్స్ సముద్రంతో బంధాన్ని పూర్తిగా తెంచుకుంది. ఆడది కొద్ది సంఖ్యలో, సొన నిండిన పెద్ద గుడ్లు పెడుతుంది. డింభక దశలన్నీ గుడ్డులోనే గడిచిపోతాయి. ఆవగింజలను గుర్తుకు తెచ్చే చిన్న పిల్ల ఎండ్రకాయలు తల్లి పొట్టమూత కింద కొన్నాళ్లుండి తరువాత విడిపోతాయి. నీటి ప్రవాహంలో దూరాలకు కొట్టుకుపోయే దశ దీనికి లేదు.

సస్యరక్షణకు ఇది ముఖ్యమైన సమాచారం. నారుమడిలో, కొత్తగా నాటిన మడిలో ఎండ్రకాయలు లేత మొక్కలను మొదలు దగ్గర కత్తిరించి ముక్కలను బొరియలోకి లాక్కుపోతాయి. గట్లు తొలిచి నీరు జారిపోయేలా చేస్తాయి. డింభకాలుగా కొట్టుకువచ్చే వలస లేదు కాబట్టి, ఒక ఆయకట్టులోని రైతులు కలిసి గట్లు చెక్కి బొరియలు మూసి, గట్టు వెంట పాతిన కుండలతో పట్టి తీస్తే ఆ ఫలితం కొంతకాలం నిలుస్తుంది. పట్టినవాటిలో వెడల్పు మూత ఉన్న ఆడవాటిని తిరిగి వదలకపోతే ఒక్కొక్కదానితో ఒక ఈత మొత్తం పోతుంది. ఎండ్రకాయను పొలం నుండి తుడిచిపెట్టాలని నేను చెప్పను. అది కొంగకూ మనిషికీ ఆహారం, కుళ్లిన పదార్థాన్ని ముక్కలు చేసి నేలకు అప్పగించే పనిమంతురాలు. నాటిన మొక్క దుబ్బు కట్టేవరకు దాన్ని అదుపులో ఉంచితే చాలు.

చెరువు పక్కన మాత్రం ఇంత ఉదారంగా ఉండలేం. 1994 నుండి మన తూర్పు తీరపు టైగర్ రొయ్య సాగును దెబ్బతీసిన తెల్లమచ్చల వైరస్ ఒక జాతికో, ఒక కుటుంబానికో పరిమితం కాదు. దశపాదులన్నీ దానికి లోనుకాగలవని అంతర్జాతీయ పశు ఆరోగ్య నిబంధనలు పరిగణిస్తాయి. పీతలు పైకి ఏ లక్షణమూ చూపకుండానే దాన్ని మోయగలవు. చెరువు చుట్టూ నైలాన్ వలతోనో ప్లాస్టిక్ పట్టాతోనో కట్టే పీతల కంచెను కొందరు అనవసరపు ఖర్చుగా చూస్తారు. వైరస్ గుర్తించేది క్రమాన్ని. గట్టు దాటి వచ్చే ఎండ్రకాయ ఆ క్రమంలోనిదే.

వరి మందు, రొయ్య నాడి

సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కీటకపు నాడీకణాలలోని సోడియం ద్వారాలను మూతపడనీయవు. ఫిప్రోనిల్ క్లోరైడు ద్వారాలను అడ్డుకొంటుంది. బ్యూప్రోఫెజిన్ కైటిన్ తయారీని ఆపి, దోమ పిల్లలను గుల్ల విడిచే వేళ చంపుతుంది. ఈ ద్వారాలు, ఈ కైటిన్, ఈ నిర్మోచనం దశపాదులకూ ఉన్నాయి. మోతాదులో, నీటిలో నిలిచే కాలంలో మందుకూ మందుకూ తేడా ఉంటుంది. పైరిథ్రాయిడ్లు బురదకు అంటుకుంటాయి, అయినా అవి రొయ్యకు అత్యంత విషపూరితాలు.

దీనికి చేదు ఉదాహరణ అమెరికాలోని లూసియానాది. అక్కడి రైతులు ఒకే మడిలో వరి, ఆ వెనుక క్రేఫిష్ పెంచుతారు. ఆ క్రేఫిష్ ప్రొకాంబరస్ క్లార్కి, అస్టాసిడియా శాఖకు చెందిన దశపాది. వరి నీటి ముక్కుపురుగు కోసం 1999లో ఫిప్రోనిల్ పట్టించిన విత్తనం వాడారు. ఆ తరువాత క్రేఫిష్ దిగుబడి పడిపోయింది, రైతులు న్యాయస్థానానికి వెళ్లారు. 2004లో నాలుగున్నర కోట్ల డాలర్ల పరిహారంతో వివాదం పరిష్కారమైంది. పురుగుమందు పురుగుపై బాగానే పనిచేసింది. పురుగుకు, క్రేఫిష్‌కు మధ్య తేడా దానికి తెలియదు. మన రాష్ట్రాలలో వరి కాండం తొలుచు పురుగుకు సిఫారసు చేసే మందులలో ఫిప్రోనిల్ ఉంది.

కాబట్టి డెల్టా మండలాలలో వరి సిఫారసు చీటీ రాసేటప్పుడు మందు పేరు, మోతాదుతో పాటు నీటి సంగతి కూడా రాయాలి. గుళికలు వేశాక మడి నీటిని కాలువలోకి వదలకుండా గట్టు మూసి నిలపాలి. సుడిదోమకు పిచికారీ చేసే ముందు మడి నీరు ఎలాగూ తీస్తారు. ఆ నీటిని మందు పడిన తరువాత గాక ముందే తీయాలి, మందు పడిన మడి నుండి తరువాతి తడి నీరు పొర్లకుండా చూడాలి. భారీ వర్షం వచ్చే సూచన ఉంటే పిచికారీ వాయిదా వేయాలి. గాలి చెరువువైపు వీస్తున్నప్పుడు, డ్రోన్‌తో కొట్టేటప్పుడు మరీ ముఖ్యంగా, చెరువు పక్క మడిని వదిలేయాలి. ఖాళీ డబ్బాలు కాలువలో కడగకూడదు. కాలువ దిగువన ఎవరి చెరువుకు నీరు తోడుతున్నారో, ఆ చెరువులో రొయ్యలు గుల్ల విడిచే రోజులు ఎప్పుడో వరి రైతుకు చెప్పే ఏర్పాటు చాలా గ్రామాలలో లేదు. వ్యవసాయ, మత్స్య విభాగాల క్షేత్ర సిబ్బంది ఒకే పంచాయతీ కార్యాలయంలో వారానికొకసారి కూర్చుంటే ఈ పని మొదలుపెట్టవచ్చు.